చర్చ ముగిశాక మొదలయ్యే చర్చ

హాస్టల్ వార్షికోత్సవం అనగానే మా బ్యాచ్ వాళ్లకు మొదట గుర్తొచ్చేది వక్తృత్వ పోటీ. మేం పదో తరగతిలో ఉన్న ఏడాది ఇద్దరు మిత్రులు చివరి దాకా నిలిచారు. ఒకరు గడగడా, గట్టిగా, చేతులూపుతూ మాట్లాడారు. ఇంకొకరు నెమ్మదిగా, లెక్కలు చెబుతూ మాట్లాడారు. భోజనాల హాల్లో చాపల మీద కూర్చున్న మేమంతా ఈ రెండో మిత్రుడికే బహుమతి అని గుసగుసలాడుకున్నాం. అరగంట తర్వాత న్యాయనిర్ణేతలు మొదటి మిత్రుడి పేరు చదివారు. మర్నాడు పొద్దున కుళాయిల దగ్గర బకెట్లు పెట్టుకుని నిలబడ్డప్పుడు వింత చూశాం. "నేను ముందే అనుకున్నాను, వాడే గెలుస్తాడని" అంటూ ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే మేమూ ఆ మాటే అన్నాం. రాత్రి మా నోటితో మేమే అన్న మాట తెల్లవారేసరికి ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న చాలా ఏళ్లు మమ్మల్ని వదల్లేదు. తర్వాత కాలేజీ లైబ్రరీల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చల గురించి చదివినప్పుడు, మా కుళాయిల దగ్గర జరిగిందే అక్కడ కోట్లాది మంది మధ్య జరుగుతుందని తెలిసింది. ఆ సంగతులు తమ్ముళ్లతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

చూసినవారు, విన్నవారు

అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీపడే ఇద్దరు ప్రధాన అభ్యర్థులు ఎన్నికలకు ముందు ఒకే వేదిక మీద నిలబడి ప్రశ్నలకు జవాబులు చెబుతారు. సాధారణంగా గంటన్నర సేపు సాగుతుంది. ఇలా ఇద్దరు ప్రధాన అభ్యర్థులు టీవీలో ముఖాముఖి తలపడటం 1960 సెప్టెంబరు 26న షికాగోలో మొదలైంది. ఒకవైపు సెనేటర్ జాన్ కెనెడీ, మరోవైపు ఉపాధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్. దాదాపు ఏడు కోట్ల మంది చూశారని అంచనా. అప్పటికే అమెరికాలో పదిళ్లలో దాదాపు తొమ్మిదింట్లో టీవీ ఉంది.

నిక్సన్ అంతకు కొద్ది రోజుల ముందే మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఒళ్లు తగ్గి, ముఖం పాలిపోయి ఉంది. వేసుకున్న లేత రంగు సూటు వెనకనున్న తెరలో కలిసిపోయింది. కెనెడీ ముదురు రంగు సూటులో నిటారుగా, తాజాగా కనిపించారు. ఈ చర్చ గురించి ప్రపంచమంతా చెప్పుకునే కథ ఒకటుంది. టీవీలో చూసినవారు కెనెడీ గెలిచారన్నారట, రేడియోలో విన్నవారు నిక్సన్ గెలిచారన్నారట.

మేం కూడా ఈ కథను క్విజ్ పోటీల్లో చెప్పి మార్కులు తెచ్చుకున్నాం. కానీ దీని మూలం వెతికితే ఆశ్చర్యం కలుగుతుంది. దీనికి ముఖ్యమైన ఆధారం సిండ్లింగర్ అనే ఒక సంస్థ చేసిన సర్వే. అందులో రేడియో విన్నవారు మూడు వందల మంది కూడా లేరు. పైగా ఆ రోజుల్లో టీవీ లేక రేడియో మీద ఆధారపడినవారు ఎక్కువగా ఎక్కడివారు, ముందు నుంచీ ఎవరి వైపు మొగ్గు ఉన్నవారు అనే ప్రశ్న ఉండనే ఉంది. అందుకే 1987లో ఇద్దరు పరిశోధకులు ఈ కథను గట్టిగా ప్రశ్నించారు. 2003లో మరో పరిశోధకుడు కొంతమంది విద్యార్థులకు ఆ పాత చర్చను చూపించి, మరికొంతమందికి వినిపించి పరీక్షించారు. చూసినవారిలోనే కెనెడీ వైపు మొగ్గు ఎక్కువగా కనిపించింది. అంటే రూపానికి ప్రభావం ఉన్న మాట నిజమే. కానీ మూడు వందల లోపు మంది చెప్పిన మాట ఒక దేశం మొత్తం చెప్పిన మాటగా పుస్తకాల్లోకి ఎక్కింది.

ఒక్క రోజులో మారిన తీర్పు

1960 తర్వాత మూడు ఎన్నికల్లో చర్చలే జరగలేదు. మళ్లీ 1976లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, జిమ్మీ కార్టర్ తలపడ్డారు. అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన రెండో చర్చలో ఫోర్డ్ ఒక మాట జారారు. తూర్పు ఐరోపా మీద సోవియట్ యూనియన్ పెత్తనం లేదన్నారు. పోలండ్ వంటి దేశాల్లో సోవియట్ సైన్యాలు తిష్ఠ వేసి ఉన్న కాలం అది. ప్రశ్న అడిగిన విలేఖరి ఆశ్చర్యపోయి సర్దుకోవడానికి మరో అవకాశం ఇచ్చినా, ఆయన యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ పేర్లు చెప్పి అదే మాట మీద నిలబడ్డారు.

చర్చ ముగిసిన కొద్ది గంటల్లోపు అడిగినవారిలో సగానికి పైగా ఫోర్డే గెలిచారన్నారు. టీవీ వార్తలు, పత్రికలు ఆ ఒక్క మాటను పదే పదే చూపి, రాసిన తర్వాత అడిగితే సగానికి పైగా కార్టర్ గెలిచారన్నారు. ఆ ఎన్నికను పరిశీలించిన పండితుడు థామస్ ప్యాటర్సన్ తన పుస్తకంలో ఈ మార్పును నమోదు చేశారు. ఫోర్డ్ సొంత సర్వే బృందానికీ ఇదే అనుభవమైంది. చర్చ ఒక్కటే, అభ్యర్థులు వారే, మాటలూ అవే. మధ్యలో గడిచింది ఒక రాత్రి, ఒక పగలు. తాను పొరపాటు పడ్డానని ఒప్పుకోవడానికి ఫోర్డ్‌కు దాదాపు వారం పట్టింది. అప్పటిదాకా వార్తల్లో ఆ మాటే నలిగింది.

ఇక్కడ మనం తొందరపడి పత్రికలదే తప్పు అనకూడదు. ఫోర్డ్ చెప్పింది తప్పే. సామాన్య ప్రేక్షకుడికి పోలండ్ సంగతి తెలియకపోవచ్చు. తెలిసినవారు విప్పి చెప్పడం పత్రికల బాధ్యత. కానీ గంటన్నర సేపు జరిగిన చర్చలో మిగిలిన మాటలన్నీ ఏమయ్యాయి? ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే.

1984లోనూ ఇలాగే జరిగింది. మొదటి చర్చలో 73 ఏళ్ల రొనాల్డ్ రీగన్ తడబడ్డారు. ఆ రాత్రి అడిగినప్పుడు ప్రత్యర్థి వాల్టర్ మాండేల్‌ది కొంచెం పైచేయి మాత్రమే. రెండు రోజుల తర్వాత అడిగితే ఆ తేడా ఎన్నో రెట్లు పెరిగింది. 2000 అక్టోబరులో బోస్టన్‌లో అల్ గోర్, జార్జి బుష్ చర్చ జరిగిన రాత్రి కొన్ని సర్వేల్లో గోరే కొంచెం ముందున్నారు. బుష్ మాట్లాడుతుండగా గోర్ విడిచిన నిట్టూర్పులను ఒకదాని పక్కన ఒకటి పేర్చి టీవీలు చూపించాయి. హాస్య కార్యక్రమాల్లో అనుకరించారు. చర్చలో ఏ పన్ను గురించి, ఏ పథకం గురించి మాట్లాడుకున్నారో చాలామంది మరచిపోయారు. నిట్టూర్పులు మాత్రం మిగిలాయి.

ఎందుకిలా మారుతుంది?

మాకు అర్థమైనంతలో దీనికి నాలుగు కారణాలు.

మొదటిది, చర్చ మొత్తం చూసేవారి కంటే దాని ముక్కలు చూసేవారు ఎక్కువ. తొంభై నిమిషాల చర్చ మర్నాటికి ఇరవై సెకన్ల దృశ్యమవుతుంది. ఆ ఇరవై సెకన్లు ఎవరు ఎంచారో వారి చేతిలో సగం తీర్పు ఉన్నట్టే.

రెండోది, విధానాలు వివరించడం కష్టం, ఎవరు గెలిచారో చెప్పడం తేలిక. క్రికెట్ స్కోరులా చెబితే అందరూ వింటారు.

మూడోది, పార్టీల మనుషులు. చర్చ ముగియగానే పక్కనే ఉన్న హాల్లో ఇరుపక్షాల ప్రతినిధులు విలేఖరులను చుట్టుముట్టి మా వారే గెలిచారని చెబుతారు. దానికి 'స్పిన్ రూమ్' అని పేరు. బంతిని తిప్పినట్టు మాటను తమ వైపు తిప్పుకునే చోటు అన్నమాట.

నాలుగోది, మనమే. నలుగురూ నడిచిన దారి పట్టడం మనిషి స్వభావం. నలుగురూ ఒకటంటుంటే వేరే మాట అనడానికి నోరు రాదు. కొన్నాళ్లకు మనం మొదట ఏమనుకున్నామో మనకే గుర్తుండదు. కుళాయిల దగ్గర మాకు జరిగింది ఇదే.

ఏ సర్వేను ఎంత నమ్మాలి?

"ప్రజలు ఇలా అన్నారు" అనే వార్త చదివినప్పుడు ఏ ప్రజలు, ఎలా అడిగితే అన్నారు అని చూసుకోవాలి. 1980లో రీగన్, కార్టర్ చర్చ కాగానే ఏబీసీ టీవీ ఫోన్ ఓటింగు పెట్టింది. ఒక్కో కాల్‌కు 50 సెంట్లు. సుమారు ఏడు లక్షల కాల్స్ వచ్చాయి. రీగన్‌కు రెండు వంతులు, కార్టర్‌కు ఒక వంతు. ఏడు లక్షలంటే చాలా పెద్ద సంఖ్య కదా అనిపిస్తుంది. కానీ ఫోన్ చేసింది ఎవరు? డబ్బు పెట్టగలిగినవారు, పట్టుదల ఉన్నవారు. ఒకే మనిషి పదిసార్లు చేసినా ఆపేవారు లేరు. జేబులో రూపాయి లేని మనబోటివాడి అభిప్రాయం ఆ లెక్కలోకి రానే రాదు. మన టీవీ కార్యక్రమాల్లో ఎస్సెమ్మెస్ ఓట్లు నడిచిన రోజుల్లో మేం చూసింది కూడా ఇదే.

శాస్త్రీయమైన పద్ధతి వేరు. అన్ని వర్గాలకూ చోటు ఉండేలా కొద్ది వందల మందిని ముందే ఎంచుకుని, వారు చర్చ చూశాక అడుగుతారు. 2016 సెప్టెంబరు 26న హిల్లరీ క్లింటన్, డొనాల్డ్ ట్రంప్ మొదటి చర్చను దాదాపు 8 కోట్ల 40 లక్షల మంది చూశారు. సీఎన్ఎన్ ఇలా అడిగినప్పుడు క్లింటన్ గెలిచారని 62 శాతం, ట్రంప్ గెలిచారని 27 శాతం చెప్పారు. అదే రాత్రి ఎవరైనా ఎన్నిసార్లయినా మీట నొక్కే ఇంటర్నెట్ ఓటింగులు కొన్నింటిలో ట్రంప్ ముందున్నారు. అన్నిటికీ సర్వే అనే పేరు ఒక్కటే. లోపల ఉన్నది వేరు.

చర్చ గెలుపు, ఎన్నిక గెలుపు

చర్చలో గెలిచినవారే అధ్యక్షులవుతారని కూడా లేదు. 1984లో మొదటి చర్చలో తడబడిన రీగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. 2012 అక్టోబరులో డెన్వర్‌లో మిట్ రామ్నీ చేతిలో ఒబామా చిత్తుగా ఓడారని దాదాపు అందరూ అన్నారు. నవంబరులో ఒబామాయే గెలిచారు. 2024 సెప్టెంబరు 10న కమలా హారిస్‌దే పైచేయి అని సీఎన్ఎన్ సర్వేలో 63 శాతం చెప్పారు. నవంబరులో ట్రంప్ గెలిచారు. జనం ఇంటి ఖర్చులూ, ఉద్యోగాలూ, తమ పాత అభిమానాలూ అన్నీ కలిపి ఓటు వేస్తారు. చర్చ అందులో ఒక పిడికెడు.

కానీ ఒక్కోసారి ఆ పిడికెడే బరువవుతుంది. 2024 జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్ చర్చ జరిగింది. మనకు మర్నాటి పొద్దున ఆరున్నర. డ్యూటీకి బయలుదేరుతూ మాలో కొందరం ఫోన్లలో చూశాం. బైడెన్ గొంతు బొంగురుపోయింది, మాట మధ్యలో ఆగిపోయారు. ఏ విశ్లేషకుడూ నోరు తెరవకముందే మేం ఒకరికొకరం ఏమైంది ఈయనకు అని మెసేజీలు పెట్టుకున్నాం. ఆ రాత్రి సర్వేలోనే ట్రంప్ గెలిచారని 67 శాతం చెప్పారు. మర్నాడే న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం బైడెన్ తప్పుకోవాలని రాసింది. జూలై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. 1976లో ప్రేక్షకులు చూడనిది పత్రికలు చూపించాయి. 2024లో ప్రేక్షకులు చూసిందే పత్రికలు రాశాయి. రెండూ జరుగుతాయి. ఏది ఎప్పుడు జరిగిందో తెలియాలంటే, ఆ రాత్రి మనం ఏమనుకున్నామో మనకు గుర్తుండాలి.

మనకేం పని?

అమెరికా సంగతి మనకెందుకు అని తమ్ముళ్లు అడగవచ్చు. రేపు మీకు ఓటు వస్తుంది. మన ఎన్నికల్లో అలాంటి చర్చ లేకపోయినా, టీవీ స్టూడియోల్లో తీర్పులకు కొదవ లేదు. ఫోన్లో వచ్చే ఇరవై సెకన్ల ముక్కలకు అంతే లేదు. మేం ఒక చిన్న అలవాటు చేసుకున్నాం, మీరూ చేసుకోండి. ఏ ప్రసంగమైనా, చర్చయినా విన్న వెంటనే, ఎవరి మాటా వినకముందే, నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయండి. ఏ మాట నచ్చింది, ఏది నమ్మబుద్ధి కాలేదు, ఏది తెలుసుకోవాలి. మర్నాడు పేపరు చదివి పోల్చుకోండి. పేపరు చెప్పింది సబబైతే మీ అభిప్రాయం మార్చుకోండి, తప్పు లేదు. కానీ ఎందుకు మారుతున్నామో తెలిసి మారండి.

చివరగా మా వక్తృత్వ పోటీ దగ్గరకే వస్తాం. ఆ రెండో మిత్రుడు ఆ తర్వాత ఏ వేదికా ఎక్కలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిసినప్పుడు, పక్కపక్కనే భోజనానికి కూర్చుని అడిగాడు. "ఆ రోజు నేను మాట్లాడింది మీకెవరికీ నచ్చలేదు కదరా?" మా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ రాత్రి హాలంతా అతనిదే గెలుపని అనుకుంది. ఆ సంగతి అతనికి చెప్పినవాడు మాలో ఒక్కడూ లేడు. న్యాయనిర్ణేతల తప్పేమీ లేదు, వారికి తోచింది వారు చెప్పారు. మాకు తోచింది మేం చెప్పలేదు.

ఈ ఏడాది వార్షికోత్సవంలోనూ పోటీలుంటాయి. తమ్ముళ్లారా, ఫలితం చదవకముందే మీ మార్కులు ఒక చీటీ మీద వేసుకోండి. మీకు నచ్చినవాడు ఓడిపోతే, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే వాడి మంచం దగ్గరికి వెళ్లి ఆ చీటీ చూపించండి.