రూట్ తాళంచెవి ఎవలకిస్తున్నవ్ తమ్మీ?

పాత లాప్‌టాప్‌ల లినక్స్ ఎక్కిచ్చుకున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు నన్నడిగేది ఒక్కటే: 'అన్నా, ఊకె పాస్‌వర్డ్ ఎందుకడుగుతది?'

అడగాలె. 1991ల లైనస్ టోర్వాల్డ్స్ మొదలువెట్టిన ఈ లినక్స్‌ల రోజువారీ పనికి నీదొక మామూలు ఖాతా ఉంటది. అన్నిటికి పెద్దది రూట్ ఖాతా. అది ఏ ఫైలునైనా తీసేస్తది, దానికి అడ్డు లేదు. కమాండ్ ముంగట 'సుడో' అని కొడితే, ఆ ఒక్క పనికి నీకు రూట్ అధికారం వస్తది.

గందుకే యూట్యూబ్‌ల ఎవలో చెప్పిన సుడో లైను సమజ్ కాకుండ కాపీ పేస్ట్ చెయ్యకు. తెల్లకాయితం మీద ఏలిముద్ర వేసుడే గది. గట్ల వేసి భూములు పోగొట్టుకున్న తాతలు మన ఊర్లల్ల ఎంతమంది లేరు! 'మ్యాన్' అని కొట్టి పక్కన కమాండ్ పేరు రాయి, అదేం జేస్తదో అండ్లనే చదువుకోవచ్చు. నెట్ లేకున్నా నడుస్తది. ఇంగ్లీషుల ఉంటది, గదే తిప్పలు.

ఫైలు తెరుస్తలేదంటే 'సీహెచ్‌మాడ్ 777' కొట్టుమంటరు కొందరు. మొదటి అంకె ఓనరుకు, రెండోది గ్రూపుకు, మూడోది మిగిలినోళ్లకు. చదువుడు 4, రాసుడు 2, నడుపుడు 1, కలిపితే 7. అంటే తలుపులు బార్ల తెరిచి ఊరందరిని లోపలికి పిలిచినట్టు. నీ సొంత కాయితాలకు 600 చాలు.