కాన్సరు చికిత్సలో కిరణములు, చిత్రములు

రాచపుండని తెలుగున వ్యవహరింపబడు కాన్సరు వ్యాధికి ముఖ్యచికిత్సలలో కిరణచికిత్స యొకటి. దీనికి గల చిక్కు విలక్షణమైనది. కిరణము దుష్టకణములను చంపును. కాని తన దారిలోనున్న ఆరోగ్యకణములను సైతము విడువదు. గురి తప్పి కంతిలో కొంత భాగము మిగిలినచో వ్యాధి మరల తలయెత్తును. గురి విస్తరించినచో వెన్నుపాము, ప్రేగులు, మూత్రాశయము వంటి అవయవములు చెడును. కావున కంటికి కానరాని కంతి యెచ్చట నున్నదో యెరుగుటపైననే చికిత్సాఫలము ఆధారపడియున్నది.

1895లో జర్మనీ దేశమున రాంట్జెన్ ఎక్సుకిరణములను కనుగొనెను. అయినను సాధారణ ఎక్సురే చిత్రమున ముందువెనుకల నున్న అవయవములన్నియు నొకదానిపై నొకటి నీడలుగా పడును, లోతు తెలియదు.

ఈ చిక్కును విప్పుటకు ప్రేరణ కిరణచికిత్సాశాలయందే కలుగుట గమనింపదగినది. 1956లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రోపన్యాసకుడు ఆలన్ కార్మాక్, అచ్చటి గ్రూట్ షూర్ ఆసుపత్రిలో రేడియోధార్మిక పదార్థముల పర్యవేక్షణకై వారమునకు ఒకటిన్నర దినము పనిచేసెను. దేహమంతయు ఏకరీతి పదార్థమైనట్లు భావించి కిరణమాత్రను గణించుట ఆయన చూచెను. ఎముక కిరణమును అధికముగను, ఊపిరితిత్తి స్వల్పముగను గ్రహించును గదా! అనేక దిశలనుండి కిరణమును పంపి, వెలికివచ్చిన దానిని కొలిచి, గణితముచే లోపలి శోషణభేదములను రాబట్టవచ్చునని ఆయన తలచెను. 1957లో కర్రవలయము నడుమ నుంచిన అల్యూమినియపు బిళ్ళను కోబాల్టు-60 కిరణములతో పరీక్షింపగా, మధ్యభాగమున శోషణము కొంచెము తక్కువగా తేలెను. విచారింపగా, బిళ్ళను చేసినవారు నడుమ ఒక మేకును బిగించియుండిరని తెలిసెను. ఎవరును చెప్పని మేకును గణితము పట్టియిచ్చినది.

1963, 1964 సంవత్సరములలో వెలువడిన ఆయన వ్యాసములను వైద్యలోకము గమనింపలేదు. ప్రతులను కోరిన కొద్దిమందిలో స్విట్జర్లాండునందలి హిమపాత పరిశోధన సంస్థ యొకటి! ఈ కృషి నెరుగకయే ఇంగ్లండున గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో 1971 అక్టోబరు 1న లండనులో తొలి రోగి మెదడు చిత్రింపబడెను. అదియే సి.టి. స్కాను. 1979లో ఇరువురకును నోబెలు బహుమానము లభించెను. సి.టి. చిత్రమున నీటికి సున్న, గాలికి మైనస్ 1000 అను కొలత గలదు; ఇట్టి సంఖ్యలనుండియే నేడు కిరణమాత్రను గణించుచున్నారు. కార్మాక్ కోరిన దిట్లు సిద్ధించినది.

అయినను ఒకనాటి చిత్రము మరునాటికి చాలదు. చికిత్స పలువారములు సాగవచ్చును. ఈలోపల కంతి కుంచించుకొనును, రోగి కృశించును, శ్వాసతో ఊపిరితిత్తిలోని కంతి కదలును, పురీషనాళము నిండుకొలది ప్రోస్టేటు గ్రంథి తొలగును. ఈ కదలికకై కంతి చుట్టును కొంత అంచును కలిపి కిరణమును ప్రసరింపజేయుదురు. అంచు పెరిగినకొలది ఆరోగ్యకణములకు హాని యధికము. అందుచేత కిరణయంత్రమునకే చిత్రణసాధనము నమర్చి, చికిత్సకు ముందు కంతి స్థానమును సరిచూచు పద్ధతి యేర్పడెను. 2017లో నెదర్లాండ్సునందలి యుట్రెక్టు నగరమున, ఎం.ఆర్.ఐ.ని, కిరణయంత్రమును ఒక్కటిగా కూర్చిన పరికరముతో రోగులకు చికిత్స ఆరంభించిరి. ఎం.ఆర్.ఐ. మృదుకణజాలమును స్పష్టముగా చూపును గాని, కిరణశోషణమును నేరుగా తెలుపదు. ఆ లోపమును గణనచే పూరించుట నేటి పరిశోధకుల యత్నములలో నొకటి.

కిరణమునకు బలము కొరవడలేదు, చూపు కావలసియుండెను. ఆ చూపు నిశితమైనకొలది అంచు తగ్గును. అంచు తగ్గినకొలది రోగికి దక్కు ఆరోగ్యము హెచ్చును.