పీల్చేసిన గదిలోకి మళ్లీ ఆక్సిజన్

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన సి.వి. రమణ, ఓ.ఎం. హుస్సేన్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆర్. పింటో, సి. జూలియన్‌లతో కలిసి, లేజర్‌తో పెంచిన వనేడియం పెంటాక్సైడ్ పొరల సూక్ష్మనిర్మాణం గురించి 2003లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. లిథియం అయాన్లు లోపలికి దూరి మళ్లీ బయటికి రాగల అమరిక ఉన్న పదార్థమది, చిన్న బ్యాటరీలకు పనికొస్తుంది. ఇలాంటి పొరలను తయారుచేసే యంత్రంలో మొదట వింతగా తోచే సంగతి ఒకటుంది. ఉక్కు గదిలోని గాలినంతా పంపులతో ఓపిగ్గా లాగేస్తారు. తీరా లేజర్ వెలిగించే ముందు అదే గదిలోకి కొలిచి కొలిచి ఆక్సిజన్ వదులుతారు. ఇంత కష్టపడి ఖాళీ చేసింది మళ్లీ నింపడానికా? అవును, అందుకే. పొరను చేసేది లేజరేనని అనుకుంటాం, యంత్రం పేరులోనూ ఉన్నది లేజరే. కానీ పొర ఎలాంటిదవుతుందో చాలావరకు తేలేది లేజర్ తాకే టార్గెట్ బిళ్లకూ పొర పేరుకునే ఎదుటి పలకకూ మధ్య ఉన్న నాలుగైదు సెంటీమీటర్ల జాగాలో. అక్కడ పెత్తనం వాయువుదేనని నా వాదన.

ఈ యంత్రం పుట్టినప్పుడు ఆ ఎరుక లేదు. 1960లో మైమన్ తొలి లేజర్‌ను వెలిగించిన ఐదేళ్లకు, 1965లో, స్మిత్, టర్నర్ రూబీ లేజర్‌తో పదార్థాలను ఆవిరిచేసి శూన్యంలో పొరలు వేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ పద్ధతిని పట్టించుకున్నవాళ్లు తక్కువే. 1987లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో డైక్‌క్యాంప్, తిరుమలై వెంకటేశన్, వారి సహచరులు ఎక్సైమర్ లేజర్‌తో ఇట్రియం-బేరియం-రాగి ఆక్సైడ్ పొరలు వేయడంతో దాని దశ తిరిగింది. ద్రవ నైట్రోజన్ చల్లదనానికే విద్యుత్ నిరోధం పోగొట్టుకునే పదార్థమది. అయితే శూన్యంలో వేసిన ఆ పొరలు దిగీదిగగానే పనిచేయలేదు. ఆక్సిజన్‌లో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ కాలిస్తేగానీ అతివాహకత రాలేదు. ఈ పదార్థపు అణుసూత్రంలో ఆక్సిజన్ ఏడుకు దగ్గరగా ఉంటే అతివాహకం, ఆరుకు దిగితే విద్యుత్ నిరోధకం. మరుసటి ఏడాదికల్లా అదే బృందం పొర పెరుగుతుండగానే ఆక్సిజన్ అందించి, ఆ కాల్పు అవసరం లేకుండా, అంతకన్నా తక్కువ వేడిలో అతివాహక పొరలను దింపింది. ఈ యంత్రం చరిత్రలో నాకు అసలైన మలుపుగా కనిపించేది ఇదే.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఇది వట్టి రసాయనం కదా, తక్కువైన ఆక్సిజన్‌ను భర్తీచేయడమే కదా అని. అంతే అయితే దేనితోనూ కలవని ఆర్గాన్ వల్ల పొరలో తేడా రాకూడదు. కానీ వస్తుంది. కారణం ఢీకొనడంలో ఉంది. లేజర్ స్పందన కొన్ని నానోసెకన్లలో ముగుస్తుంది. బిళ్ల నుంచి లేచిన పదార్థం ప్లాస్మాగా మెరుస్తూ సెకనుకు పది కిలోమీటర్ల స్థాయి వేగంతో పలక వైపు దూసుకొస్తుంది. మనం పీల్చే గాలిలో ఒక అణువు మరో అణువును తాకకుండా పోగలిగే సగటు దూరం వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఎక్కినా అది కాస్తంతే పెరుగుతుంది. గదిలో పీడనాన్ని 10 పాస్కల్‌కు దింపితే ఆ దూరం ముప్పాతిక మిల్లీమీటరుకు చేరువవుతుంది. పాస్కల్‌లో పదివేలో వంతుకు దింపితే 60 మీటర్లు దాటుతుంది. అంటే మంచి శూన్యంలో పరమాణువు అడ్డం లేకుండా వచ్చి పలకను కొడుతుంది, ఆ దెబ్బకు అప్పటికే పేరుకున్న పరమాణువులు లేచిపోనూవచ్చు. 10 పాస్కల్ దగ్గర మాత్రం దారిలో పదుల సార్లు ఢీకొని, వేగం చచ్చి, మెల్లగా దిగుతుంది.

ఆ ఢీకొట్టుళ్లు అందరినీ ఒకేలా చూడవు. కళ్లంలో రాగులు తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొట్టు పక్కకు పోతుంది. గదిలో గాలి వీచదు గానీ ఫలితం అలాంటిదే. పరమాణు భారం 7 ఉన్న లిథియం, 32 ఉన్న ఆక్సిజన్ అణువును తాకి ఎటో చెదిరిపోతుంది. 59 ఉన్న కోబాల్ట్ దాదాపు తన దారినే సాగుతుంది. పలక మీద లిథియం తగ్గుతుంది. అందుకే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ వంటి పొరలకు బిళ్లలోనే లిథియం ఆక్సైడ్ అదనంగా కలుపుకునే అలవాటుంది. బిళ్లలో ఉన్న పాళ్లే పొరలోనూ దిగుతాయన్నది ఈ పద్ధతికి ఉన్న పెద్ద పేరు. ఆ మాట నిజమే గానీ, వాయువు ఒప్పుకున్నంత మేరకే.

అలాగని వాయువు ఎక్కువైన కొద్దీ మేలని కాదు. మితిమీరితే పరమాణువులు దారిలోనే ముద్దకట్టి నానోకణాలవుతాయి, పొర గరుకుగా, బోలుగా తయారవుతుంది. వనేడియానికి పట్టింపు ఇంకా ఎక్కువ. ఆక్సిజన్ చాలినంత ఉంటే బ్యాటరీకి పనికొచ్చే పెంటాక్సైడ్, తగ్గిస్తే 68 డిగ్రీల దగ్గర లోహంలా మారే డయాక్సైడ్. బిళ్ల అదే అయినా రెండూ రావచ్చు. ఇక్కడే ఒక చిక్కుంది. ఒక ప్రయోగశాలలో కుదిరిన పీడనం మరోచోట కుదరాలని లేదు, ఎందుకంటే పలక దూరం మారితే ఢీకొనే లెక్కా మారుతుంది. పీడనాన్ని దూరంతో కలిపి చెప్పని ప్రయోగ వివరణ నా దృష్టిలో సగం వివరణే.

2004లో ఒటోమో, హ్వాంగ్ రెండు విద్యుత్ నిరోధకాలను, లాంథనం అల్యూమినేట్‌నూ స్ట్రాన్షియం టైటనేట్‌నూ, ఈ పద్ధతిలోనే ఒకదానిపై ఒకటి పెంచి, అవి కలిసేచోట విద్యుత్ పారుతోందని చూపారు. ఆ విద్యుత్ కొత్త భౌతికశాస్త్రం వల్లనా, లేక ఆక్సిజన్ చాలక ఏర్పడిన ఖాళీల వల్లనా అన్న వాదన అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. 2007లో నెదర్లాండ్స్‌లో బ్రింక్‌మన్ బృందం అవే పొరలను వేర్వేరు ఆక్సిజన్ పీడనాల దగ్గర పెంచింది. అతిశీతల స్థితిలో వాటి నిరోధాలు ఒకదానికొకటి వేల రెట్లకు మించి తేడా చూపాయి.