సీఆర్‌పీ అంకె ఎంత? అసలు ఏ కొలతలో?

కాపెల్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఇళ్ల ధరలు, పిల్లల చదువులు అయ్యాక మాట ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం మీదికి మళ్లుతుంది. కొవిడ్ రెండో వేవ్ నుంచి ఆ మాటల్లో తరచూ వినిపించే పేరు సీఆర్‌పీ. మా నాన్నగారికి జ్వరం వచ్చినప్పుడు ఖమ్మం నుంచి వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టులో అది 48. మా ఆవిడకు ఇక్కడ చేసిన పరీక్షలో 0.4. పక్కపక్కన పెడితే గుండె గుభేల్‌మంటుంది. అయితే అక్కడిది లీటరుకు మిల్లీగ్రాముల లెక్క, ఇక్కడిది డెసిలీటరుకు. అంటే 48ని పోల్చాల్సింది 4తో. తేడా 120 రెట్లు కాదు, 12 రెట్లు.

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని గుర్తించారు. న్యుమోనియా రోగుల రక్తంలో కనిపించిన ఈ పదార్థం జబ్బు తగ్గగానే మాయమైంది. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ మొదలైనా ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు కాలేయానికి అందుతుంది. కాలేయం గంటల్లోనే సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. రెండు రోజులకు అది తారస్థాయికి చేరుతుంది. ఉత్పత్తి ఆగితే దాదాపు 19 గంటలకోసారి సగానికి పడిపోతుంది. అందుకే ఒక్క అంకె కంటే రెండు రోజుల తేడాతో తీసిన రెండు అంకెలు ఎక్కువ చెబుతాయి. ఈఎస్ఆర్ మాత్రం నింపాదిగా దిగుతుంది.

ల్యాబులో దీన్ని పట్టేది యాంటీబాడీలే. మేకకు మనిషి సీఆర్‌పీ పరాయిది. ఎక్కిస్తే దానికి సరిపోయే యాంటీబాడీలను తయారుచేస్తుంది. యాంటీబాడీ ప్రొటీన్ మొత్తాన్ని చూడదు. దాని పైభాగంలో చిన్న జాగాలోని ఎత్తుపల్లాలను, విద్యుదావేశాలను బట్టి అతుక్కుంటుంది. సీఆర్‌పీ ఒకేలాంటి అయిదు ముక్కల వలయం కాబట్టి ఆ జాగా అయిదు చోట్ల ఉంటుంది. యాంటీబాడీలు పూసిన సూక్ష్మమైన లేటెక్స్ పూసల మధ్య అది వంతెనలా నిలుస్తుంది. పూసలు గుంపులు కట్టి ద్రవం మసకబారుతుంది. యంత్రం కొలిచేది ఆ మసకనే. తమాషా ఏమిటంటే, సీఆర్‌పీ మరీ ఎక్కువైతే యాంటీబాడీలన్నీ విడివిడిగా నిండిపోయి వంతెనలు కట్టవు. అంకె తక్కువగా వస్తుంది! మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇలాంటి ఓవర్‌ఫ్లో కొత్త కాదు. అనుమానం వస్తే ల్యాబువాళ్లు నమూనాను పలుచన చేసి మళ్లీ చూస్తారు.

ఇంత పనిచేసినా మంట ఊపిరితిత్తుల్లోనా, మోకాలిలోనా అన్నది సీఆర్‌పీ చెప్పలేదు. అంకె చూసి ఊళ్లో మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ తెప్పించడం నాకు మింగుడుపడని అలవాటు. వాట్సాప్‌లో రిపోర్టు రాగానే కొలత, తేదీ, పాత అంకె అడగండి. మిగతాది డాక్టరుగారి పని.

మనకు ఇక్కడ గుండె కోసం చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ కూడా ఇదే ప్రొటీన్, మరింత సూక్ష్మంగా కొలుస్తారంతే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని లెక్క. పక్కనే ఉన్న డాలస్ జనం మీద యూటీ సౌత్‌వెస్టర్న్ చేసిన డాలస్ హార్ట్ స్టడీలో మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. జలుబు, పంటినొప్పి ఉన్న వారంలో ఈ పరీక్షకు వెళ్లకండి. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందేమో వెతికి, రెండు వారాలాగి మళ్లీ తీస్తారు.