స్కాన్‌లో చిరుగు, భుజంలో నొప్పి

యాభై దాటాక భుజం నొప్పితో స్కాన్ తీయించుకుని, రిపోర్టులో 'టెండన్ చిరిగింది' అన్న ముక్క చూసి హడలిపోయేవాళ్లు చాలామంది. భయపడే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. జపాన్‌లో ఒక పల్లెలో 664 మందికి భుజాల అల్ట్రాసౌండ్ చేసి, 2013లో ఆ వివరాలు ప్రకటించారు. 22 శాతం మందికి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పూర్తిగా చిరిగి ఉంది. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి నొప్పే లేదు! యాభై లోపు వాళ్లలో ఈ చిరుగు ఒక్కరికీ కనిపించలేదు. ఎనభైల్లో ఉన్నవాళ్లలో మాత్రం మూడో వంతుకు పైగా ఉంది. అంటే చాలామందిలో ఇది తల నెరవడం లాంటిదే.

భుజం కీలులో గుంట లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. ఆ కీలు జారిపోకుండా నాలుగు కండరాల టెండన్లు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. అన్నిటికన్నా పైనున్నది భుజం కొన ఎముక కింద ఇరుకు సందులోంచి వెళ్తుంది. ఎక్కువగా దెబ్బతినేది అదే.

పై ఎముక రాసుకునే టెండన్ చిరుగుతుందని 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ చెప్పారు. ఆ ఎముకను చెక్కే ఆపరేషన్లు లక్షల్లో జరిగాయి. టెండన్ పూర్తిగా చిరగని నొప్పి రోగులపై బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఎముక చెక్కినవాళ్లకూ, కెమెరా గొట్టంతో లోపల చూసి ఏమీ చెక్కకుండా వదిలేసినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. టెండన్ తనంతట తాను లోపలే బలహీనపడుతుందన్న వాదనకు ఇప్పుడు బలం ఎక్కువ. వయసు, పొగ తాగడం, షుగరు, వంశపారంపర్యం ఇందుకు తోడవుతాయి. గోడలకు రంగులు వేసేవాళ్లలా చేతులెత్తి పనిచేసేవాళ్లకు ముప్పు మరింత.

నొప్పి ఉన్నంత మాత్రాన టెండనే కారణమనుకోకూడదు. మీరు ఎత్తలేని చేతిని ఇంకొకరు పట్టి ఎత్తితే లేస్తోందా? అయితే టెండన్‌ను అనుమానించవచ్చు. ఎవరెత్తినా బిగుసుకునే ఉంటే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు, షుగరు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

మెల్లగా వచ్చిన చిరుగుకు ముందుగా కొన్ని వారాలు ఫిజియోథెరపీ చేసి చూడటమే మేలని నా నమ్మకం. కింద పడ్డాకో, బరువు ఎత్తాకో చెయ్యి ఉన్నట్టుండి లేవకపోతే మాత్రం ఆగొద్దు. ఆలస్యమైతే తెగిన టెండన్ వెనక్కి జరిగి, దాని కండరం కొవ్వుగా మారుతుంది. అప్పుడు కుట్టినా అతకడం కష్టం.