అరవై అయిదు మైళ్ల అవతల డాక్టరు

1916లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం నుంచి ఒక ఇల్లాలు వాషింగ్టన్‌లోని ఓ ప్రభుత్వ ఆఫీసుకు ఉత్తరం రాసింది. మూడో కాన్పు ముందుంది. డాక్టరు ఉండేది 65 మైళ్ల అవతల. మొదటి ఇద్దరు పిల్లలూ బాగా బరువుతో పుట్టారు: ఒకరు 12 పౌండ్లు, ఇంకొకరు పదిన్నర. అంటే ఇద్దరూ అయిదు కిలోలకు అటూ ఇటూ. రెండుసార్లూ ఒళ్లు చిరిగి నరకం చూసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కాన్పుల్లో పోతున్నారు. అలా పోయిన ఒక తల్లి బిడ్డను ఇప్పుడు ఈమే సాకుతోంది. తన గతేమవుతుందోనని బెంగ పెట్టుకుంది. ఇంతా రాసి ఆమె అడిగింది ఒక్కటే: గర్భిణి గురించీ పసిబిడ్డ గురించీ మీరు అచ్చువేసిన పుస్తకాలన్నీ నాకు పంపండి.

డాక్టర్ని పంపమనలేదు. డబ్బు అడగలేదు. కాగితాలు అడిగింది. ఆ ఆఫీసు చేతిలో ఉన్నవీ కాగితాలే.

ఆ ఆఫీసు పేరు చిల్డ్రన్స్ బ్యూరో. అమెరికా కేంద్ర ప్రభుత్వం పిల్లల కోసం పెట్టిన మొట్టమొదటి విభాగం. దాని దస్త్రాలు ఇప్పుడు మేరీలాండ్ రాష్ట్రంలోని కాలేజ్ పార్క్ అనే ఊళ్లో, ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో, 102వ రికార్డు గ్రూపుగా ఉన్నాయి. ప్రభుత్వ దస్త్రాలంటే మనకు దుమ్ము, ఎర్ర దారం, ‘తగు చర్య నిమిత్తం’ గుర్తొస్తాయి. ఈ పెట్టెల్లో అవీ ఉన్నాయి. వాటితోపాటు ఆ వయోమింగ్ తల్లి లాంటివాళ్ల చేతిరాతలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ దస్త్రంలోకి ఒక గర్భిణి భయం ఎలా చేరిందో తెలియాలంటే ఆ ఆఫీసు పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

1903లో న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్ అనే నర్సు, ఆమె స్నేహితురాలు ఫ్లోరెన్స్ కెల్లీ పేపరు చదువుతున్నారట. పత్తి కాయలను తొలిచే ముక్కుపురుగు దక్షిణాది రాష్ట్రాలను కొల్లగొడుతోందని, ఆ నష్టం చూడటానికి వ్యవసాయ మంత్రి స్వయంగా బయలుదేరుతున్నారని అందులో వార్త. పత్తి పురుగుకు ఒక శాఖ ఉంది కదా, ఎండాకాలం వస్తే కుప్పలుగా చచ్చిపోయే పసిపిల్లలకు ఎవరున్నారు అని వాళ్లకు తోచింది. గుంటూరు జిల్లా రైతుకు ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. తోచడానికి ఒక పూట చాలింది, చట్టం కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1906లో బిల్లు పెట్టారు, 1909లో వైట్ హౌస్‌లో పిల్లల మీద సదస్సు జరిగింది, 1912 ఏప్రిల్ 9న అధ్యక్షుడు టాఫ్ట్ సంతకం చేశారు. జూలియా లేథ్రప్ ఆ బ్యూరోకు అధిపతి అయ్యారు. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో ఒక బ్యూరోను నడిపిన తొలి మహిళ ఆమే. చేతికి ఇచ్చింది 25,640 డాలర్లు, 15 మంది సిబ్బంది. దేశమంతటికీ!

చట్టంలో ఆ బ్యూరోకు అప్పగించిన పని చూడండి. అన్ని వర్గాల పిల్లల బాగోగుల గురించి విచారించాలి, నివేదిక ఇవ్వాలి. అంతే. ఆసుపత్రి కట్టే, మందు ఇచ్చే, ఎవరినైనా శిక్షించే అధికారం ఇవ్వలేదు. పైగా ఇంటిపెద్ద వద్దంటే ఆ ఇంటి గడప దాటకూడదని కూడా చట్టంలోనే రాసిపెట్టారు. పిల్లల పేరు చెప్పి సర్కారు మన ఇళ్లలోకి చొరబడుతుందని కాంగ్రెస్‌లో భయపడ్డవాళ్లను ఊరుకోబెట్టడానికి ఆ మాట చేర్చారు. అధికారం లేని ఆఫీసు అడగగలదు, రాసుకోగలదు, అచ్చువేయగలదు, జవాబివ్వగలదు. మిగతా శాఖల్లో పని ఎక్కడో జరుగుతుంది, దాని ఆనవాలు కాగితం మీద మిగులుతుంది. ఇక్కడ కాగితమే పని. ఈ పెట్టెలు తెరిచేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదేనని నా లెక్క.

లేథ్రప్ మొదట ఏం చేశారు? లెక్క. అప్పటి అమెరికాలో ఏటా ఎంతమంది పిల్లలు పుడుతున్నారో ప్రభుత్వానికి తెలియదు. పుట్టినవాళ్ల లెక్కే లేనప్పుడు చచ్చినవాళ్ల శాతం ఎలా కడతారు? జనన నమోదు రాష్ట్రాల పని, చాలా రాష్ట్రాలు దాన్ని పట్టించుకోలేదు. బ్యూరో మహిళా క్లబ్బుల సభ్యులను పోగేసింది. వాళ్లు తమ ఊళ్లో పుట్టిన పిల్లల పేర్లు ఇంటింటా రాసుకుని, ఆ పేర్లు సర్కారు రిజిస్టరులో ఉన్నాయో లేదో సరిచూశారు. 1915లో పది రాష్ట్రాలు, రాజధాని జిల్లాతో జనన నమోదు ప్రాంతం మొదలైంది. అన్ని రాష్ట్రాలూ అందులోకి వచ్చేసరికి 1933 అయింది.

ఈలోగా 1913లో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ అనే ఉక్కు మిల్లుల ఊరిని పట్టుకున్నారు. ఆసుపత్రి లెక్కల జోలికి పోలేదు. 1911లో ఆ ఊళ్లో పుట్టిన పిల్లల జాబితా తీసి, ఒక్కో ఇంటికీ వెళ్లి, ఆ బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా బతికిందా లేదా అని తల్లినే అడిగారు. వెళ్లినవాళ్లంతా ఆడవాళ్లు. గడప దాటనివ్వకుండా పంపేయవచ్చని చట్టం చెప్పినా, తలుపు వేసినవాళ్లు బహు తక్కువ. వెయ్యిమంది పుడితే 134 మంది ఏడాది నిండకుండానే పోతున్నారని తేలింది. అంతకంటే ముఖ్యమైనది, తండ్రి సంపాదన తగ్గేకొద్దీ బిడ్డల చావులు పెరిగాయి. ఇంట్లో కుళాయి ఉందా, మురుగు ఎటు పోతోంది, తల్లి కాన్పు ముందు ఎంతవరకు పనిచేసింది వంటివన్నీ రాసుకున్నారు. పిల్లలు చచ్చిపోయేది తల్లుల మూర్ఖత్వం వల్ల అన్న మాట అప్పట్లో పెద్దమనుషుల నోట గట్టిగా వినిపించేది. ఆ నివేదిక వాళ్ల ముందు జీతాల పట్టిక పెట్టింది.

తర్వాత 1917లో గ్రేస్ మెగ్స్ అనే డాక్టరు బ్యూరో తరఫున బాలింతల మరణాల మీద నివేదిక రాశారు. 1913లో కాన్పు కారణంగా కనీసం 15,000 మంది ఆడవాళ్లు చనిపోయి ఉంటారని అంచనా కట్టారు. అంచనా అన్నారంటే మరణాల నమోదు కూడా అంతంతమాత్రమేనన్నమాట. ఇప్పుడు వయోమింగ్ ఉత్తరాన్ని మళ్లీ చదవండి. ఇరుగుపొరుగున పోయినవాళ్ల గురించి ఆమె రాసిన మాట, డాక్టరు కట్టిన 15,000 లెక్క, రెండూ ఒకే ఆఫీసు దస్త్రాల్లోవి. మనకు తెలిసిన చరిత్ర పుస్తకాలు ఎక్కువగా ఆ లెక్క దగ్గరే ఆగిపోతాయి.

అసలు ఈ ఉత్తరాల వరద ఎందుకొచ్చింది? 1913లో గర్భిణుల కోసం, 1914లో పసిపిల్లల పెంపకం కోసం బ్యూరో చిన్న పుస్తకాలు వేసింది. రాసిన మేరీ మిల్స్ వెస్ట్ అయిదుగురు పిల్లల తల్లి. ‘ఇన్‌ఫంట్ కేర్’ అనే ఆ రెండో పుస్తకం ఉచితం. కాంగ్రెస్ సభ్యులు తమ నియోజకవర్గంలో పంచిపెట్టేవారు. 1921 నాటికి పదిహేను లక్షల ప్రతులు వెళ్లాయి. పుస్తకం అందుకున్న తల్లి ఊరుకుంటుందా? తిరిగి రాసింది. పాలు చాలడం లేదని, బిడ్డ రాత్రంతా ఏడుస్తోందని, మళ్లీ నెల తప్పిందేమోనని. 1920లలో ఏటా లక్షకు పైగా ఉత్తరాలు వచ్చేవి.

పుస్తకం సలహాలు ఈనాడు చదివితే మన అమ్మమ్మలు నవ్వుతారు. గడియారం చూసి పాలివ్వమన్నారు. ఏడ్చిందని ఎత్తుకోవద్దు, ముద్దు పెట్టవద్దు, వేలు చీకనివ్వద్దు. కొందరు తల్లులు మొహమాటం లేకుండా ఎదురు రాశారు. నలుగురు పిల్లలు, వంట, బట్టలు, పొలం పని ఉన్నదాన్ని, మీరు చెప్పినట్టు గంట గంటకూ చేయడం నా వల్ల అయ్యే పనేనా అని. ఆఫీసులో ఉన్న నిపుణులకూ ఇంట్లో ఉన్న తల్లికీ నడిచిన ఈ వాదన బ్యూరో అచ్చువేసిన ఏ పుస్తకంలోనూ ఉండదు, ఫైళ్లలోనే ఉంటుంది.

ఒక ఉత్తరం ఆ ఆఫీసులో ఎలా నడిచేదో చూద్దాం. కవరు చించి, ఉత్తరం మీద వచ్చిన తేదీ ముద్ర వేసేవారు. విషయాన్ని బట్టి దానికి ఒక నంబరు పడేది, మధ్యలో చిన్న గీతలతో విడదీసిన అంకెల వరుస. చాలావాటికి జవాబు పుస్తకం, దానితో ఒక మామూలు ఉత్తరం. కొన్నింటికి మాత్రం ఒకరు కూర్చుని, చదివి, విడిగా రాసేవారు. వయోమింగ్ తల్లి విషయం లేథ్రప్ స్వయంగా పట్టించుకున్నారు. జవాబు టైపు చేసేటప్పుడు కింద పల్చటి కాగితం పెట్టి కార్బన్ కాపీ తీసేవారు. అసలు ప్రతి తపాలాలో వెళ్లిపోయేది, కాపీ తల్లి ఉత్తరంతో కలిపి ఫైల్లో ఉండేది. అందుకే ఇప్పుడు మనకు ఇద్దరి మాటా వినిపిస్తుంది. తల్లికి చేరిన జవాబు ఏ పొయ్యిలో కాలిందో, ఏ పెట్టెలో చెదలు తిన్నదో! ఉల్లిపొరలాంటి ఆ కాపీ మిగిలింది.

ఆర్కైవ్స్‌లో ఒక నియమం ఉంది. లైబ్రరీలో పుస్తకాలను సర్దినట్టు దస్త్రాలను కొత్తగా సర్దరు. ఆఫీసు ఏ వరుసలో పెట్టుకుందో ఆ వరుసనే ఉంచుతారు. ‘పాలు’ అనో ‘వయోమింగ్’ అనో వెతికితే దొరకదు. బ్యూరో గుమాస్తా ఆ ఉత్తరాన్ని ఏ నంబరు కింద వేసి ఉంటాడో మనం ఊహించాలి. పైగా బ్యూరో తన కేంద్ర ఫైళ్లను కొన్నేళ్లకొకసారి కట్టేసి కొత్తవి మొదలుపెట్టేది: 1914 నుంచి 1920 దాకా ఒక కట్ట, 1921 నుంచి 1924 దాకా ఇంకొకటి, అలా. 1920 డిసెంబరులో రాసిన తల్లి మళ్లీ జనవరిలో రాస్తే రెండు ఉత్తరాలూ వేర్వేరు కట్టల్లో పడతాయి. చదివేచోట పెన్ను వాడనివ్వరు, పెన్సిలే. ఒకసారికి ఒక్క ఫోల్డరే తెరవాలి. తీసిన చోట గుర్తు పెట్టాలి. ఒక కాగితం వెనక్కూ ముందుకూ మారితే ఆ కథ మారిపోతుంది మరి.

ఏ కాగితం ఉండాలి, ఏది పోవాలి అన్నది కూడా ఆఫీసే నిర్ణయిస్తుంది. మన కలెక్టరేట్లలో మద్రాసు రాజ్యం నాటి నుంచి వచ్చిన పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు, కె.డిస్ మూడేళ్లు, ఎల్.డిస్ ఏడాది. ఫైలు మూసే రోజున గుమాస్తా వేసే ఆ రెండక్షరాల మీద ఒక మనిషి గోడు యాభై ఏళ్ల తర్వాత దొరుకుతుందా లేదా అన్నది ఆధారపడుతుంది. మన రాష్ట్రాల్లో 2005 నాటి చట్టం కింద ఏర్పడిన బాలల హక్కుల కమిషన్లూ ఆ బ్యూరో లాంటి సంస్థలే. విచారణకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి, తీర్పిచ్చే అధికారం లేదు. సిఫార్సు చేయాలి. వాటికి వచ్చే ఫిర్యాదులూ ఏదో ఒక తపాల్ రిజిస్టరులో నంబరు పడినవే. వాటి మీద ఏ ‘డిస్’ పడుతోందో అడిగేవాళ్లు నాకు పెద్దగా కనిపించరు.

బ్యూరోకు ఒకసారి డబ్బు కూడా వచ్చింది. 1921 నవంబరులో షెపర్డ్-టౌనర్ చట్టం చేశారు. తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేంద్రం రాష్ట్రాలకు సొమ్ము ఇస్తుంది, రాష్ట్రాలూ కొంత వేసుకోవాలి. మసాచుసెట్స్, ఇల్లినాయ్, కనెక్టికట్ వద్దన్నాయి. మసాచుసెట్స్ సుప్రీంకోర్టుకు కూడా వెళ్లి 1923లో ఓడింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ పథకాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1929 జూన్ 30తో కాంగ్రెస్ దాన్ని ఆగిపోనిచ్చింది. అప్పటి అధిపతి గ్రేస్ ఎబట్ లెక్క చూపించారు: ముప్ఫై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లడం, 2 కోట్ల 20 లక్షల కరపత్రాలు, రెండు వేల తొమ్మిది వందలకు పైగా శాశ్వత కేంద్రాలు. వాదనకు అంకెలు కావాలి, నిజమే. కానీ ఆ ముప్ఫై లక్షల్లో ఒక్క నర్సు ఏ బురదలో నడిచి ఏ గుడిసెకు వెళ్లిందో తెలియాలంటే రాష్ట్రాల నుంచి వచ్చిన నివేదికల కట్ట విప్పాలి.

ఆ కట్టలు విప్పినప్పుడు ఇంకోటి కూడా బయటపడుతుంది. దక్షిణాదిలో నల్లజాతి తల్లులకు కాన్పు చేసేది ఎక్కువగా నల్లజాతి మంత్రసానులే. బ్యూరో, రాష్ట్రాలు వాళ్లకు తరగతులు పెట్టాయి, పర్మిట్లు ఇచ్చాయి. బ్యూరో తరఫున మంత్రసానులకు నేర్పినవాళ్లలో అయోనియా విప్పర్ అనే నల్లజాతి డాక్టరు ఉన్నారు. అయినా చాలా నివేదికల్లో మంత్రసాని ఒక ‘సమస్య’. ఆమె గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, ఆమె రాసినవి అరుదు. ఉత్తరం రాయాలంటే అక్షరం రావాలి, స్టాంపు కొనాలి, సర్కారు నా మాట వింటుందన్న నమ్మకం ఉండాలి. ఈ మూడూ లేనివాళ్లు పెట్టెలో ఉన్నా ఇంకొకరి మాటల్లో ఉంటారు. అందువల్ల ఈ ఉత్తరాలు అమెరికా తల్లులందరి గొంతూ అనుకోకూడదు, రాయగలిగినవాళ్ల గొంతు అనుకోవాలి.

చరిత్రకారిణి మాలీ లాడ్-టేలర్ 1986లో ఈ ఉత్తరాల్లో కొన్నింటిని పుస్తకంగా తెచ్చినప్పుడు తల్లుల పూర్తి పేర్లు వేయలేదు, పొడి అక్షరాలతో సరిపెట్టారు. మంచిపని. ఆ ఉత్తరాలు ఒక ఆఫీసును నమ్మి రాసినవి, వందేళ్ల తర్వాత మనం చదువుతామని కాదు.

చాలా ఉత్తరాల విషయంలో ఆ బిడ్డ బతికిందో లేదో ఫైలు చెప్పదు. జ్వరం ఎలా ఉంటే ఏం చేయాలో రాసిన జవాబు తాలూకు కార్బన్ కాపీ ఉంటుంది, దాని మూలన టైపిస్టు పొడి అక్షరాలు ఉంటాయి. తిరగేస్తే తర్వాతి కాగితం ఇంకో రాష్ట్రం నుంచి ఇంకో తల్లిది.