నెలసరి నొప్పి: సూరత్ తెలుగు వాడల్లో తెలియవలసిన సంగతులు

నెలసరి మొదటి ఒకటి రెండు రోజుల్లో పొత్తికడుపులో మెలిపెట్టి, నడుముకూ తొడలకూ పాకే నొప్పి గర్భాశయ కండరం గట్టిగా బిగుసుకోవడం వల్ల వస్తుంది. గర్భం నిలవని నెలలో ప్రొజెస్టిరాన్ హార్మోను మోతాదు పడిపోతుంది. దాంతో గర్భసంచి లోపలి పొర ఊడిరావడం మొదలవుతుంది. ఆ పొరలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. కండరాన్ని బిగించి ఆ పొరను బయటికి నెట్టడం, రక్తనాళాలను కుదించడం వాటి పని. అవి ఎక్కువగా తయారైనప్పుడు కండరానికి సడలే వ్యవధి చాలదు, దానికి అందవలసిన రక్తం తగ్గుతుంది, నొప్పి పెరుగుతుంది. కొందరికి ఆ రోజుల్లో వాంతులు, నీళ్ల విరేచనాలు, తలనొప్పి రావడానికి కూడా ఈ రసాయనాలే కారణం. కనుక ఈ నొప్పిని సాకు అనో, సుకుమారం అనో కొట్టిపారేయడం అన్యాయం.

ఈ సంగతి కొత్తగా తెలిసింది కాదు. 1957లో బ్రిటన్‌కు చెందిన వి.ఆర్. పికిల్స్ నెలసరి స్రావంలో కండరాన్ని బిగించే పదార్థం ఉందని చూపించారు. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్, ఆ తరహా మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయని నిరూపించారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. అప్పటినుంచీ ఈ నొప్పికి చవకైన, పనిచేసే మందు ఉంది. అది సరైన సమయానికి, సరైన తీరులో అందకపోవడమే మిగిలిన సమస్య.

సూరత్‌లో లింబాయత్, డిండోలి, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగువారిలో కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తే, ఆడవాళ్లలో ఎందరో ఇంటి దగ్గరే చీరలకు రాళ్లు అతికిస్తారు, లేసు కుడతారు, దారాలు కత్తిరిస్తారు. ఈ పనికి పీసు లెక్కన కూలి. నేల మీద గంటల తరబడి వంగి కూర్చోవాలి. నొప్పి వచ్చిందని ఒక రోజు పడుకుంటే ఆ రోజు కూలి లేదు. సెలవు చీటీ ఇవ్వడానికి యజమాని ఎదురుగా ఉండడు. వాడల్లో మరుగుదొడ్డి నలుగురిదీ అయితే బట్ట మార్చుకోవడమూ కష్టమే. అందుకే చాలామంది పళ్లు బిగబట్టి ఓర్చుకుంటారు, తీరా భరించలేని స్థితికి వచ్చాక పక్క దుకాణంలో పేరు తెలియని మాత్ర ఏదో కొనుక్కుంటారు.

అలా పేరు తెలియని మాత్ర మింగడం ఎంత ప్రమాదమో తమిళనాడు అనుభవం చెబుతుంది. అక్కడి దుస్తుల కర్మాగారాల్లో నెలసరి నొప్పి అన్న అమ్మాయిలకు పని ఆగకుండా పేరు రాసిన చీటీ కూడా లేని మాత్రలు ఇస్తున్నారని 2019లో ఒక అంతర్జాతీయ వార్తా సంస్థ దర్యాప్తు బయటపెట్టింది. ఏ మందు వేసుకుంటున్నామో పేరు తెలుసుకోవడం ప్రతి మనిషి హక్కు.

మాత్ర వేసుకునే వేళ చాలా ముఖ్యం. రసాయనం తయారై కండరం బిగుసుకున్నాక వేసుకున్న మందు సగమే పనిచేసినట్టు అనిపిస్తుంది. నొప్పి తొలి సూచన కనిపించగానే, లేదా స్రావం మొదలవగానే ఏదైనా తిని వేసుకోవాలి. పెద్దవారు ఆస్పిరిన్ తరహా మందైన ఐబుప్రొఫెన్‌ను 400 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో, డాక్టరు సలహా లేకుండా రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటకుండా వాడవచ్చు. రెండు మూడు రోజులు చాలు. మన దేశంలో మెఫెనమిక్ ఆమ్లం ఉన్న మాత్రలు బాగా వాడుకలో ఉన్నాయి. వాటితో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది. వాడుతున్నప్పుడు జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఈ మందులతో ఆయాసం వచ్చేవారు, గర్భం వచ్చిందేమోనన్న అనుమానం ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటిని ముట్టుకోకూడదు. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే అది డెంగీ కావచ్చు. అప్పుడు ఈ మాత్రలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి, పారాసెటమాల్ ఒక్కటే వాడాలి.

వేడి కాపడం పాత మాటే అయినా పరీక్షలకు నిలిచింది. దాదాపు 39 డిగ్రీల వెచ్చదనాన్ని పొత్తికడుపు మీద గంటల తరబడి నిలిపితే ఐబుప్రొఫెన్‌తో పోల్చదగిన ఉపశమనం దొరికిందని 2001లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. రబ్బరు సంచి లేకపోతే గట్టిగా మూత బిగించిన సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పెట్టుకున్నా సరిపోతుంది. వారానికి మూడుసార్లు ముప్పావు గంట చురుగ్గా నడిచినా, వ్యాయామం చేసినా నెల నెలా నొప్పి తగ్గుతుంది. పని మధ్యలో గంటకోసారి లేచి నడుము సాగదీయడం కూడా మేలే. వాము నీళ్లు తాగితే హాయిగా ఉందనే వారిని ఆపనక్కర్లేదు, కానీ తీవ్రమైన నొప్పికి అది మందు కాదు. తలస్నానం చేయకూడదు, పెరుగు తినకూడదు అన్న నియమాలకు మాత్రం ఆధారం లేదు. తిండి తగ్గించడం వల్ల నష్టమే, ఎందుకంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో గుజరాత్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 65 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఇంతవరకూ చెప్పింది వేరే జబ్బేదీ లేకుండా వచ్చే నొప్పి గురించి. అది సాధారణంగా పెద్దమనిషి అయిన ఏడాది రెండేళ్లలో మొదలై, స్రావంతోపాటు వచ్చి, మూడు రోజుల్లో పోతుంది. అలా కాక పాతికేళ్లు దాటాక కొత్తగా మొదలైతే, నెల నెలా పెరుగుతుంటే, నెలసరికి ముందే వచ్చి తర్వాత కూడా మిగిలితే, మూత్ర మలవిసర్జనలప్పుడు, కలయిక సమయంలో నొప్పి ఉంటే, వెనక ఏదో జబ్బు ఉందేమో చూడాలి. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట అండాశయాల మీదా, పేగుల దగ్గరా పెరిగే ఎండోమెట్రియోసిస్ అందులో ముఖ్యమైనది. ప్రపంచంలో దాదాపు 19 కోట్ల మంది స్త్రీలూ అమ్మాయిలూ దీనితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీన్ని గుర్తించేసరికే ఏళ్లు గడిచిపోతుంటాయి. ‘పెళ్లయితే అదే పోతుంది’ అన్న మాట ఆ ఆలస్యాన్ని ఇంకా పెంచుతుంది. గర్భసంచిలో గడ్డలు, లోపలి పొర కణజాలం గర్భసంచి కండరంలోకే పెరిగే అడినోమయోసిస్, కటి భాగపు ఇన్ఫెక్షన్లు, జననాంగ క్షయ, కాపర్-టీ వేయించుకున్న తొలి నెలలు కూడా నొప్పికి కారణాలే. స్రావం ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ నిండినా, పెద్ద రక్తపు గడ్డలు పడినా రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించాలి.

తెలుగు స్త్రీల విషయంలో ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దాదాపు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8. దేశంలో ఈ ఆపరేషన్లకు స్త్రీలు చెప్పిన కారణాల్లో అన్నిటికన్నా ముందున్నది అధిక రక్తస్రావం, నొప్పి. వాటిలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. చిన్న వయసులోనే పిల్లలు, వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆ తర్వాత ‘ఇక గర్భసంచితో పనేముంది’ అన్న సలహా. ఈ వరుస పల్లె నుంచి సూరత్ దాకా వలస కుటుంబాల వెంట నడవగలదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే వయసు రాకముందే ముట్లుడిగే దశ వచ్చేస్తుంది, ఎముకలు బలహీనపడతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. చాలామందికి ఆపరేషన్‌కన్నా ముందు వేరే దారులున్నాయి: స్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం, హార్మోను మాత్రలు, ఎండోమెట్రియోసిస్‌కు డైనోజెస్ట్, గర్భసంచిలో అమర్చే హార్మోను పరికరం. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

సూరత్‌లో నగర పాలక సంస్థ నడిపే స్మిమర్ ఆసుపత్రిలోనూ, ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రిలోనూ స్త్రీవ్యాధుల విభాగాలున్నాయి. గుజరాతీ రాదన్న భయంతో ఆగనక్కర్లేదు. నెలసరిని ‘మాసిక్’ అంటే అక్కడ అందరికీ తెలుస్తుంది. మూడు నెలలపాటు స్రావం మొదలైన తేదీ, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, నొప్పి ఏ రోజున ఎంత, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే భాష అడ్డం రాదు, డాక్టరుకు సగం పని తేలికవుతుంది. నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఆ బడుల్లోని ఆరు, ఏడు తరగతుల అమ్మాయిలకు ఈ సంగతులన్నీ తెలుగులోనే చెప్పవచ్చు, చెప్పాలి కూడా. నొప్పికి ఆపరేషన్ ఒక్కటే దారి అని ఎవరైనా అంటే, సంతకం పెట్టేముందు ప్రభుత్వాసుపత్రిలో రెండో డాక్టరుకు చూపించుకుని తీరాలి.